పాచికల హాజరు

లెక్కల శాఖలో చేరేవాళ్లు లేరని విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని మూసేసి, అవే గదుల్లో జూదానికీ దొంగ వ్యాపారాలకీ ఒక శాఖ తెరిచారు. బోర్డు మీద మాత్రం 'అదృష్ట, ఆర్థిక విజ్ఞాన శాఖ' అని రాయించారు, సిగ్గు ఇంకా కాస్త మిగిలిందని చెప్పుకోవడానికి. పాత శాఖ తాలూకు సామానులో ఓ సుద్దముక్కల పెట్టె, ఒక కాలు ఊగే బల్ల, కాంట్రాక్టు మీద పనిచేసే లెక్కల మేడం మిగిలారు. పెట్టెను పారేశారు. బల్లను పేకాటకు వాడుకున్నారు. మేడాన్ని ఏం చేయాలో తోచక, పందెంలో గెలిచే అవకాశాలు లెక్కగట్టడం నేర్పమన్నారు.

శాఖకు హెడ్డు ముక్కల మాస్టారు. చొక్కా చేతుల్లో పేకముక్క దాచే పద్ధతుల మీద పరిశోధించి డాక్టరు అయ్యాడు. మండే ఎండల్లో కూడా పొడుగు చేతులే తొడుగుతాడు. ఆయన పక్కన బుడగ సారు. షేర్ల మీద ఆయన పాఠం విని కొంపలు ముంచుకున్నవాళ్లు బోలెడుమంది, అందులో ఆయన మాత్రం లేడు.

ఈ మహానుభావులు క్లాసులో హాజరు పిలవరు. పాచికలు వేస్తారు. ఎంత పడితే అంతమంది వచ్చినట్టు. ఇక తలెత్తి ఎదురుగా ఎవరున్నారో చూసే పనేముంది? మేడం ఒక్కతే పేరు పిలిచి, మొహం చూసి, టిక్కు పెట్టేది. ఆ చాదస్తానికి స్టాఫ్ రూములో పొట్టలు పట్టుకుని నవ్వుకునేవాళ్లు.

చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్ష మరీ అందం. విద్యార్థి ఎవరికో ఒకరికి టోపీ పెట్టాలి. ఫలితాలు వచ్చేలోగా దొరికిపోతే ఫెయిలు, దొరక్కపోతే పాసు.

ఈ చెత్తంతా మేడం పంటిబిగువున భరిస్తోందంటే కారణం ఒకటే. ఈ ఏడాదితో ఆమె కాంట్రాక్టు ముగుస్తుంది. పర్మినెంటు ఫైలు మీద హెడ్డు సంతకం పడకపోతే ఉద్యోగం ఊడినట్టే. మొగుడి వర్క్‌షాపు మూతబడ్డాక ఇంట్లోకి వచ్చే జీతం ఆమెదొక్కటే.

"ఆ హెడ్డు చేతిలో కలం లేదా, మనసు లేదా?" అని అత్తగారు రోజూ గుమ్మంలోనే అడుగుతుంది.

"రెండూ ఉన్నాయత్తయ్యా. ఖాళీయే లేదు, పేకాటతో."

ఒకరోజు టై కట్టుకున్న మనిషొకడు హెడ్డు గదికి వచ్చాడు. బుడగ సారూ, మేడమూ అక్కడే ఉన్నారు. ఏదో విదేశీ విద్యాసంస్థకు ప్రతినిధినన్నాడు. ఈ శాఖను తమ సంస్థలో కలుపుకుంటామనీ, డిపాజిట్టు కట్టినవాళ్లకు వాటాలుంటాయనీ, ఏడాది తిరక్కుండా కట్టింది రెట్టింపవుతుందనీ చెప్పాడు. మేడానికీ ఒక వాటా రాసిపెట్టామన్నాడు. చెబుతూ చెబుతూ చెవితమ్మె లాక్కున్నాడు.

మేడం ఉలిక్కిపడింది. వెనక బెంచీలో కిటికీ పక్కన కూర్చుని, పేరు పిలవగానే అలా చెవి లాక్కునేవాడే ఇతను! అతను ఫోనొచ్చిందని వరండాలోకి వెళ్లగానే గబగబా చెప్పేసింది.

"మాస్టారూ, అతను ప్రతినిధీ కాదు, పాడూ కాదు. మన చివరి ఏడాది విద్యార్థి. ఇది వాడి ప్రాక్టికల్."

ప్రొఫెసర్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. మెల్లగా నవ్వు పుట్టింది.

"బాగుందమ్మాయ్! మమ్మల్ని బెదరగొట్టి వాటాలన్నీ నువ్వే కొట్టేద్దామనా?" అన్నాడు ముక్కల మాస్టారు.

"నాకు వాటా వద్దు. వాణ్ణి క్లాసులో రోజూ చూస్తున్నాను."

"మేమిద్దరం ఎన్నడూ చూడని మొహాన్ని నువ్వెలా చూశావు తల్లీ?" అన్నాడు బుడగ సారు.

"మీరు పాచికల మీంచి తలెత్తితేగా!"

"చూశావా సారూ, ఎంత నిబ్బరమో! కనురెప్ప కొట్టలేదు. ఇన్నాళ్లూ వట్టి లెక్కల మనిషి అనుకున్నాం." మాస్టారి గొంతులో మొదటిసారిగా గౌరవం పలికింది. "ఇంత అబద్ధం ఆడిందంటే ఇందులో ఎంత లాభం ఉండాలి! నేను కట్టేది రెట్టింపు చేస్తున్నా."

"అయ్యో, వాడు దొంగ మాస్టారూ!"

"ఆహా! సరే, బేరానికి రా. నీ వాటా నాకొదిలెయ్. ఏం కావాలి, పర్మినెంటేగా?"

వంగి, ఊగే బల్లకాలి కింద ఎత్తుకు పెట్టిన ఫైలు లాగాడు. బల్ల ఓ పక్కకు ఒరిగింది. దుమ్ము దులిపి, కలం మూత తీశాడు. వాడు దొంగ అని మేడం మళ్లీ చెప్పాలి. మాట నోటిదాకా వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు గుర్తొచ్చింది. ఆ ఒక్కసారికి మాట మింగేసింది. సంతకం పడింది.

ఫలితాల రోజుకు మాస్టారి భవిష్యనిధి, శాఖ భవనం నిధి, బుడగ సారు భార్య నగలు, అన్నీ గాలిలో కలిశాయి. టై లేకుండా మార్కుల కోసం వరసలో నిలబడి ఉన్నాడు ప్రతినిధి. డబ్బేదిరా అంటే, ప్రాక్టికల్ ఖర్చులన్నాడు. పోలీసుల దగ్గరికి వెళితే హెడ్డే బోల్తా పడ్డాడని ఊరంతా నవ్వుతుంది. గత్యంతరం లేక పతకం ఇచ్చి, పక్కన నిలబడి ఫోటో దిగాడు మాస్టారు. ఆ ఫోటో చూసి మరుసటి ఏడాది సీట్ల కోసం జనం తోసుకున్నారు.

కొత్త టైంటేబుల్లో మేడం పేరు ఎదురుగా 'నిజం చెప్పి మోసం చేయుట' అని ఉంది. తప్పనిసరి పేపరు.

"నేనెవర్నీ మోసం చెయ్యలేదు మాస్టారూ!"

"అద్గదీ! మొదటి క్లాసు ఆ ముక్కతోనే మొదలెట్టు."

మేడం క్లాసుకు వెళ్లింది. బల్ల మీది పాచికలను పక్కకు నెట్టి, మొదటి పేరు పిలిచింది. ఎవరూ పలకలేదు. అందరూ తలలు వంచుకుని, ఇందులో కిటుకు ఎక్కడుందో నోట్సులో రాసుకుంటున్నారు.