బొమ్మ ఆగే చోటు

అంగట్లో అడుగు పెడుతూనే దొరస్వామి ఒక్క మాట తేల్చి చెప్పాడు. మిషనుకు ఎక్కువ బొత్తాలు ఉండకూడదు.

“నాకు ఇంగ్లీషు రాదప్పా. డిస్కు లోపల పెడితే బొమ్మ రావాల. అంతే.”

తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో టీవీల అంగడి రాజారత్నానిది. అతను రెండు డీవీడీ ప్లేయర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకదాని రిమోటు నిండా చీమల బారులాగా బొత్తాలు. రెండోదానికి ఆరే ఆరు.

“ఈ పెద్దది వద్దులే పెద్దాయనా. మా అల్లుడు ఇంజనీరు, వాడే నేర్సుకోలేక పొయినాడు. ఈ చిన్నది తీసుకో. డిస్కు పెట్టి మూస్తే సాలు, నిన్ను ఒక్క మాట అడగదు. మా ఇంటామె కంటే నయం.”

బల్ల దగ్గర నిలబడిన ఇద్దరు నవ్వారు. దొరస్వామి కూడా నవ్వబోయాడు.

“మా ఇంటామె ఎప్పుడూ ఏమీ అడగలేదులే,” అన్నాడు. అన్నాక, ఆ మాటలో ఎక్కడో అబద్ధం ఉందనిపించింది. ఎక్కడో తెలియలేదు.

వడమాలపేట బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. భార్య చంద్రకాంతమ్మ పోయి నాలుగు నెలలు. పెద్దకర్మ నాడు దండ వేయడానికి ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ దొరకలేదు. రేషను కార్డు మీద తామిద్దరూ కూతురూ కలిసి ఉన్న బొమ్మను పుత్తూరు తీసుకుపోయి పెద్దది చేయించారు. పెద్దదయ్యేకొద్దీ ముఖం కరిగిపోయి, చివరికి పటంలో బూడిదరంగు మరక మిగిలింది. దానికే దండ వేశారు.

ఆ తరువాతే అతనికి భయం పట్టుకుంది. కళ్లు మూసుకుంటే ఆమె దగ్గు వినిపించేది. వాకిలి ఊడ్చే చప్పుడు వినిపించేది. ముఖం మాత్రం వచ్చేది కాదు. దానికి బదులు పటంలోని మరక వచ్చేది. ముప్పై ఒక్క ఏళ్లు కలిసి బతికిన మనిషి ముఖం నాలుగు నెలల్లో ఎలా పోతుంది? లేక ఆ ముఖాన్ని తాను ఎన్నడూ సరిగ్గా చూడనే లేదా?

శ్రీకాళహస్తిలో ఉన్న కూతురు ప్రశాంతి మొన్న ఫోనులో అంది. “నా పెళ్లి డిస్కులో అమ్మ ఉండాది నాయనా. మొదట్లోనే వస్తాది.”

పెళ్లి జరిగి రెండేళ్లు. ఆ డిస్కు ఒకటి అతని ట్రంకు పెట్టెలో కూడా ఉంది. ఇంట్లో మిషను లేదని అది అలాగే ఉండిపోయింది. మిషను కొనాలని అతనికి అనిపించకపోవడానికి వేరే కారణం ఉంది.

చంద్రకాంతమ్మకు బొల్లి. మొదట పెదవి అంచున తెల్లగా చుక్క వేసింది. పదేళ్లలో చెంప, మెడ, రెండు చేతులు తెల్లబడ్డాయి. ప్రశాంతి పెళ్లి కుదిరినప్పుడు అతని అన్న మునివెంకటప్ప పక్కకు పిలిచి చెప్పాడు.

“అబ్బా, కన్యాదానానికి మీ ఆమె పీటల మీద కూర్సుంటే మగపెళ్లోళ్ల కండ్లు ఆ మచ్చల మీద పడతాయి. ఆడ నుంచి బిడ్డ ఒంటి మీదకి పోతాయి. నేనూ మీ వదినా కూర్సుంటాములే.”

దొరస్వామి సరేనన్నాడు. అల్లుడి కాళ్లు అన్నా వదినా కడిగారు. అదంతా బిడ్డ మేలు కోసమే అనుకున్నాడు. ఆ మాట ఆ రోజుల్లో అతనికి చాలా పనికొచ్చింది.

ఇంటికి చేరి, రాజారత్నం చెప్పినట్టే పసుపు తీగను పసుపు రంధ్రంలో, ఎర్రదాన్ని ఎర్రదానిలో గుచ్చాడు. డిస్కు పెట్టి మూశాడు. మిషను నిజంగానే ఒక్క మాట అడగలేదు. నేరుగా మేళం మొదలైంది. పందిరి, పిలకాయలు, పీటల మీద అన్నా వదినా. పళ్లెంలో అల్లుడి పాదాలు. తలంబ్రాలు. భోజనాల పంక్తులు. దొరస్వామి మూడు గంటలు కదలకుండా కూర్చుని ప్రతి మూలా వెతికాడు. వంటల దగ్గర ఒకసారి తెల్లమచ్చల చెయ్యి ఒకటి సాంబారు బకెట్టు అందించింది. ముఖం వచ్చేలోగా కెమెరా తిరిగిపోయింది.

ప్రశాంతికి ఫోను చేశాడు.

“యాడుంది మీ అమ్మ? మొత్తం సూసినా. లేదు.”

“పెళ్లిలో కాదు నాయనా. పెళ్లి మొదలయ్యేదానికి ముందర బొమ్మ ఒక చోట ఆగుతాది. ముహూర్తమా, తలంబ్రాలా, భోజనాలా, మొత్తమా, యాది సూడాల్నో సెప్పమని నాలుగు గళ్లు వస్తాయి. మనం సెప్పేదాకా ఆ గళ్ల యెనకాల అమ్మే మళ్లీ మళ్లీ వస్తాంటాది.”

“ఏం చేస్తా ఉండాది?”

“నువ్వే సూడు నాయనా,” అంది.

మరునాడు మళ్లీ తిరుపతి బస్సెక్కాడు.

“ఇది ఆగడం లేదప్పా. పెట్టంగానే పెళ్లి మొదలవుతా ఉండాది.”

“అట్ల కావాలనే కదా అడిగినావు?”

“మొదలు కాకూడదు. ముందర ఆగాల.”

రాజారత్నం అతని ముఖంలోకి చూశాడు. “ఆగిపోతా ఉండాదని తిట్టనీకి వచ్చినోళ్లను సూసినా. ఆగలేదని వచ్చినోడివి నువ్వే.” అయినా చిన్నది వెనక్కు తీసుకుని పెద్దది ఇచ్చాడు. “ఇది ప్రతిదానికీ నిలబడి నిన్నే అడుగుతాది. ఈ నడిమి బొత్తాన్ని మాత్రం తాకొద్దు. తాకితే పెళ్లి మొదలైపోతాది.”

ఆ మధ్యాహ్నం దొరస్వామి డిస్కు పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

బొమ్మ ఆగింది. అడుగున నాలుగు చిన్న గళ్లు. వాటి వెనుక, తెర నిండా, చంద్రకాంతమ్మ.

పొద్దుటి వెలుతురులో పందిరి గుంజకు మామిడాకుల తోరణం కడుతోంది. ఆమె ఎవరో తెలియకపోయినా, వీడియో తీసేవాడు వెలుగు బాగుందని తీసి ఉంటాడు. నలుపూ తెలుపూ కలిసిన చెంప మీద ఎండ పడింది. ఇదీ ఆ ముఖం. గడ్డం కింద చిన్న పుట్టుమచ్చ. అది ఉన్నట్టే అతనికి గుర్తులేదు.

ఆమె ఆకుల మీది నుంచి తల తిప్పి పక్కకు చూసి ఏదో అడిగింది. నాదస్వరం తప్ప ఏమీ వినిపించలేదు. అప్పుడు తెర ఎడమ అంచు నుంచి ఒక చెయ్యి వచ్చింది. లోపలికి పో అన్నట్టు రెండుసార్లు విదిలించి వెళ్లిపోయింది. ఆమె కొంగుతో చెంప కప్పుకుని తల దించుకుంది. తెర ఒక్క క్షణం నల్లబడింది. మళ్లీ తోరణం కడుతోంది.

దొరస్వామి ముందు గుర్తుపట్టింది ఆ చేతి వాచీని. తోలుపట్టీ వాచీ. ఇప్పుడూ అతని చేతికే ఉంది.

ఆమె ఏమడిగిందో అప్పుడు గుర్తొచ్చింది. ‘కాళ్లు కడిగేటప్పుడు నేను యెనకాల నిలబడుకోనా?’

అంతే అడిగింది. పీట అడగలేదు.

లేచి తువ్వాలును టీవీ ఎడమ అంచు మీదుగా వేలాడదీశాడు. చెయ్యి కనబడకుండా పోయింది. కానీ చంద్రకాంతమ్మ అక్కడ ఎవరూ లేకపోయినా చెంప కప్పుకుంది. ఎవరూ వద్దనకపోయినా తల దించుకుంది. అది ఇంకా కష్టంగా ఉంది. తువ్వాలు తీసేశాడు.

నడిమి బొత్తాన్ని నొక్కితే ఇది పోతుంది. దీని చోట అన్నా వదినా వస్తారు. రిమోటును దూరంగా, కిటికీ గట్టు మీద పెట్టి వచ్చాడు.

తెర నల్లబడి వెలిగింది. ఆకులు, ఎండ, పుట్టుమచ్చ. ఆమె తల తిప్పింది. పెదవులు కదిలాయి.

“వచ్చి నిలబడుకోమే,” అన్నాడు దొరస్వామి, చెయ్యి వచ్చేలోగా.

చెయ్యి వచ్చింది.