గడప బయట బూట్లు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా సెంటర్‌లో అందరికీ తెలుసు. ఉంటే ఉందిలెండి. శ్రీకాకుళంలో పిల్లల ఫిజియోథెరపీ సెంటర్ అది. పిల్లల కాళ్ళూ చేతులూ పట్టుకుని బతికే ఈ ఉద్యోగంలో, ఆ పిల్లల విషయంలో పెద్దవాళ్ళు చేసే పనులు రోజూ చూస్తూ కూడా కోపం రానివాళ్ళుంటే, వాళ్ళకే ఏదో జబ్బుందని నా నమ్మకం.

ఆ సోమవారం మాత్రం మహతి పాదం చేతిలోకి తీసుకోగానే కోపం కంటే ముందు భయం వేసింది. మహతికి ఆరేళ్ళు. పుట్టినప్పుడు మెదడుకి ఆక్సిజన్ అందక సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. తెలివికి లోటు లేదు, మాటలకి అసలే లేదు. పిక్కలు బిగుసుకుపోయి మడమలు నేలకి ఆనవు, అంతే. మునివేళ్ళ మీద నడుస్తుంది. ఇలాంటి పిల్లల్లో ఎముక పెరిగినంత జోరుగా ఆ కండ పెరగదు. దాన్ని రోజంతా సాగదీసి పట్టి ఉంచేదొకటి కావాలి. అందుకే మోకాలి కింద నుంచి పాదం దాకా పట్టి ఉంచే స్ప్లింట్లు కొలతలు తీయించి చేయించాను. మాటవరసకి వాటిని బూట్లనే అంటాం. మెలకువగా ఉన్నంతసేపూ వేసి ఉంచమని వాళ్ళమ్మ విశాలికి చెప్పాను. మడమ కిందికి దిగకపోతే వెనకనున్న స్నాయువు కోసి పొడవు చేసే ఆపరేషన్ తప్పదని కూడా చెప్పాను. మూడు నెలలు గడిచాయి. మడమ దిగలేదు సరికదా, ఇంకాస్త పైకి పోయింది.

"ఏటి విశాలీ ఇది? బూట్లు ఏస్తన్నావా, అటకెక్కించీసినావా?" అన్నాను.

"వేస్తున్నాను మేడం. బయటికి వచ్చినప్పుడల్లా వేస్తున్నాను."

"బయటికొచ్చినప్పుడేటి? ఈ పిల్ల బయటికొచ్చీదే నెలకో సోమవారం నా దగ్గరికి. మరి ఇంట్లో?"

విశాలి నా వైపు వింతగా చూసింది. "ఇంట్లో ఎలా వేస్తాం మేడం? బూట్లు కదా."

బొమ్మలు సర్దుతున్న మా ఆయా తవిటమ్మ అందుకుంది. "ఆలు గుళ్ళో పూజలు సేసే అయ్యోరోలు మేడం. ఇంట్లోకి సెప్పులు రానిస్తారేటి?"

అరికాలి మంట నెత్తికెక్కింది. మధ్యాహ్నం సెలవు పెట్టి, వాళ్ళ బస్సు వెనకే స్కూటీ మీద బయల్దేరాను.

పాతపట్నం వెళ్ళే రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది వాళ్ళ ఊరు. వీధి అరుగు మీద చెప్పులు వరసగా విప్పి ఉన్నాయి. నేనూ విప్పాను. నేనేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఎచ్చెర్ల దగ్గర రైతు ఇంట్లో పుట్టినదాన్ని. మా ఇంట్లోనూ చెప్పులతో తిరగం.

నా పక్కనే మహతి అరుగు మీద చతికిలబడింది. ఎవరూ చెప్పలేదు. తనే వంగి స్ప్లింట్ల పట్టీలు చర్రుమని లాగింది, రెండూ విప్పింది, తాతగారి చెప్పుల పక్కన జోడుగా పెట్టింది. తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు తీసుకుని పాదాలు కడుక్కుంది. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లోపలికి వెళ్ళిపోయింది. ఎంత ముద్దుగా నేర్పారో చూడండి. ఏ పిల్లకీ ఇంత బుద్ధిగా రాదు, తన కాళ్ళు తనే పాడుచేసుకోవడం.

తాతగారు వేంకటాచలంగారు ఎదురొచ్చారు. ఆ ఊరి గుళ్ళో తరతరాలుగా అర్చకత్వం వాళ్ళదే. మనిషి నెమ్మది. మనవరాలికి బడి లేని లోటు రానివ్వకుండా అక్షరాలూ శ్లోకాలూ అన్నీ ఆయనే ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెబుతారట.

"రామ్మా, కూర్చో. మా మహతి నడక బాగుపడుతోందా?" అన్నారు.

"లేదు పంతులుగారూ. పాడైపోతంది. ఆ బూట్లు గడప బయట పెట్టించీసి మీరే పాడు సేస్తన్నారు."

ఆయనకి కోపం రాలేదు. వస్తే నాకు సుఖంగా ఉండేది. "గడప లోపల ఎలా పెడతామమ్మా? ఎదురుగా పూజామందిరం. పక్కన వంటిల్లు. పైగా దానికి తోలు పట్టీలు."

"అవి బూట్లు కావండి. అది వైద్యం."

"కాలికి వేసుకుని మట్టి తొక్కేదానికి ఏ పేరు పెట్టినా అది చెప్పేనమ్మా," అన్నారు శాంతంగా, మహతికి అక్షరం దిద్దించినట్టు.

పక్కన కుర్చీలో విశాలి భర్త ఉదయభాస్కర్ ఉన్నాడు. టౌన్లో కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాడు. బరువేదో, లాగుడేదో తెలిసిన మనిషి. "నాన్నగారు పెద్దవారు మేడం... వారికి మెల్లమెల్లగా నచ్చజెప్పి..." అని నీళ్ళు నమిలాడు.

"మెల్లగానా? మీ పాప ఎముక మెల్లగా పెరగదు సార్. మీ నాన్నగారికి నచ్చీదాకా అది ఆగదు. మూణ్ణెల్లు మీరు నోట్లో నీళ్ళోసుకుని కూకున్నారు, ఆ పిల్ల మడమ పైకి పోయింది. మీ పాప కాలు కంటే మీ మొహమాటం ఎక్కువైపోనాది మీకు."

అతను ఫోన్ చూసుకోవడం మొదలెట్టాడు. విశాలి తలుపు చాటున నిలబడి ఉంది. ఆమెనీ కడిగిపారేద్దామనే వచ్చాను. చెంగు నలుపుతున్న ఆ చేతులు చూశాక నోరు రాలేదు. ఈ ఇంట్లో ఆమె మాట ఎవరు విని చచ్చారు?

వేంకటాచలంగారు పీట మీద కూర్చోడానికి వంగారు. వంగుతూ మూలిగారు. ఉత్తరీయం జారింది. పంచె పైన నడుము చుట్టూ వెడల్పాటి బెల్టు, దానికి బిగించే తోలు పట్టీ కనబడ్డాయి.

"అదేటి పంతులుగారూ?"

"నడుంనొప్పమ్మా. పల్లకీ మోసి మోసి ఏళ్ళ నుంచీ పట్టుకుంది. ఇది బిగించుకోకపోతే అభిషేకానికి వంగలేను."

"అభిషేకానిక్కూడా కట్టుకునే వెళ్తన్నారా? గర్భగుళ్ళోకి?"

"ఇది వైద్యం కదమ్మా..." అని ఆగిపోయారు.

నేను ఆగలేదు. ఆగే అలవాటు నాకు లేదు. "మీ నడుముకైతే వైద్యం. దాని కాలికైతే సెప్పు. మీకు నొప్పుంది, మూలుగుతారు. దానికింకా మూలగడం రాలేదు, అంతే తేడా. ఆరేళ్ళ పిల్ల పంతులుగారూ. మీ సామి అంతపాటి తేడా సూస్తాడా?"

ఆయన లేచారు. అరుగు మీదికి వెళ్ళి, మడిబట్టతో ఉన్న ఆ మనిషి, ఆ స్ప్లింట్లని తన చేతులతో తీసి, తొట్టి నీళ్ళతో కడిగి, ఉత్తరీయంతో తుడిచి లోపలికి తెచ్చారు. "తెలియలేదమ్మా. రేపటి నుంచి ఇంట్లోనే వేస్తాం," అన్నారు.

మంచివాడే. మంచివాళ్ళతోనే నాకు చిక్కు. దుర్మార్గుణ్ణయితే తిట్టి, ఫిర్యాదు చేసి, ఏదో ఒకటి చేయొచ్చు. ప్రేమగా అన్నం తినిపిస్తూ, ప్రేమగా శ్లోకం నేర్పిస్తూ, ప్రేమగా కాళ్ళు పోగొట్టేవాళ్ళని ఏం చేస్తాం?

మహతిని కూర్చోబెట్టి స్ప్లింట్ తొడిగాను. మడమ లోపల కూర్చోలేదు. కింద వేలు దూరేంత సందు. గట్టిగా నొక్కితే పిల్ల పెదవి కొరుక్కుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ సందులో వేలు పెట్టి వాళ్ళకి చూపించి, ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకురమ్మని కోపంగానే చెప్పాను.

శ్రీకాకుళంలో ఎముకల డాక్టరు చూశారు. ఇక స్ప్లింట్ పని చేయదు, మోకాలి దాకా సిమెంటు కట్లు వేద్దామన్నారు. వారం వారం విప్పి, పాదాన్ని మరికాస్త పైకి వంచి, మళ్ళీ కొత్త కట్టు. అలా కొన్ని వారాలు. దానికీ మడమ దిగకపోతే కత్తే. కట్లు వేస్తున్నంతసేపూ పాదం నేనే పట్టుకున్నాను. మహతి ఏడవలేదు. గులాబీ రంగు కట్టు కావాలని మాత్రం డాక్టరుతో బేరం పెట్టింది. గట్టిపడ్డాక వాటితోనే నడవాలి, ఎంత నడిస్తే అంత మంచిది. ఇంట్లో ఎలా నడిపించాలో చూపించాలని నేనూ వాళ్ళతో ఆటో ఎక్కాను.

ఆటో దిగేసరికి తాతగారు గుమ్మంలోనే ఉన్నారు. ఉదయభాస్కర్ కూడా సెలవు పెట్టుకుని ఉన్నాడు. మహతి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని టకటకా అరుగు దాకా నడిచింది. అక్కడ ఆగింది. ఎప్పట్లాగే చతికిలబడి, వంగి, పట్టీల కోసం వెతికింది. పట్టీలు లేవు. కట్టు అంచు కింద గోరు దూర్చి లాగి చూసింది.

"వదిలీ తల్లీ, అది ఊడదు," అన్నాను.

మహతి తాతయ్య వైపు తిరిగింది. "ఇవి ఊడవట తాతయ్యా. ఊడాక లోపలికొస్తాను. నా చాప ఇక్కడే వేయించు. అన్నం కూడా ఇక్కడికే తెమ్మను."

ఏడుపు లేదు, అలక లేదు. వానొస్తే గొడుగు తెమ్మన్నంత మామూలుగా అంది.

వేంకటాచలంగారు గబగబా అరుగు మీదికొచ్చి ఆ పిల్ల ఎదురుగా కూలబడ్డారు, నడుంనొప్పి సంగతే మర్చిపోయి. "ఫర్వాలేదు బంగారం, రా. వీటితోనే లోపలికి రా. స్వామి ఏమీ అనుకోరు."

మహతి ఆయన మొహంలోకి చూసింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "మరి అప్పుడెందుకనుకున్నారు?"

వేదమంతా కంఠతా వచ్చిన ఆ మనిషి, ఆరేళ్ళ పిల్ల మొహం మీంచి చూపు తిప్పి గడప వైపు చూశారు. చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి, నాలుక చివరే ఉన్నాయి. పళ్ళ బిగువున ఆపుకున్నాను.

ఉదయభాస్కర్ పిల్లని ఎత్తుకుని లోపలికి తీసుకుపోదామని వంగాడు. అదే కదా వీళ్ళకి తెలిసిన దారి, ఎత్తేస్తే సరి. నేను వద్దనేలోపే విశాలి అతని చెయ్యి పక్కకి తోసేసింది.

"ఎత్తకండి," అంది. ఇన్నాళ్ళలో ఆమె గొంతు అంత గట్టిగా నేను వినలేదు. కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "స్వామి అప్పుడూ అనుకోలేదమ్మా. తాతయ్య అనుకున్నారు. నాన్న ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. నీ తప్పేం లేదు. లే, నడు."

మహతి లేచింది. తాతయ్య వైపు ఒకసారి చూసింది. ఆయన తల దించుకున్నారు. బరువైన ఆ కట్టు కాలు గడప దాటేంత పైకి లేవలేదు. సరాసరి పసుపు రాసిన గడప మీదే వేసింది. కట్టు కిందనున్న మట్టి పసుపుకి అంటుకుంది. ఇంకో కాలూ గడప మీదే వేసి, వాటితోనే పూజామందిరం ముందు నుంచి టకటకా లోపలికి నడిచింది.

గడప తొక్కిందని ఎవరూ ఏమీ అనలేదు. అననందుకు కూడా నాకు ఒళ్ళు మండింది. ఈ ఊరుకోవడమేదో మూడు నెలల కిందట ఊరుకుని ఉంటే, ఆ పిల్ల కాళ్ళకి ఇంత బరువు ఉండేది కాదు.