చుప్‌వాలా సబ్బు

కర్దనూర్‌లో ఒక చిన్న షెడ్డులో రాంచందర్ సబ్బు తయారుచేస్తాడు. మెషీన్ల దగ్గర పనిచేసేవాళ్ల చేతులకంటిన గ్రీజును వదిలించే ముద్ద సబ్బు. అందులో రంపపు పొట్టు కలిపి, ఆకుపచ్చ రంగు వేసి, డబ్బాల మీద 'చేతి సఫాయి' అని చీటీ అంటిస్తాడు. ఆ పేరు తనదేననుకున్నాడు. ఈ ఎండాకాలం అదే పేరుతో, అదే రంగుతో ఇంకెవరిదో డబ్బా వచ్చింది. అందులో పొట్టుకు బదులు ఇసుక. చేతులు గీసుకుపోయినవాళ్లు రాంచందర్‌నే తిట్టుకున్నారు. రెండు ఫ్యాక్టరీలు సరుకు వద్దన్నాయి. ఇట్లాగే సాగితే షెడ్డుకు తాళమే.

పటాన్‌చెరులో ట్రేడ్‌మార్కు దరఖాస్తులు చూసే వకీలు నిషిత దగ్గరికి వెళ్లాడు. దారంతా మాటలు కూర్చుకున్నాడు గానీ, ఆమె ఎదుట రెండే బయటికొచ్చాయి. ఆమె డబ్బాను తిప్పి చూసింది. చేతులు సఫా చేసేదాన్ని 'చేతి సఫాయి' అనడం దాని పనేమిటో చెప్పడమేననీ, ఆ మాట ఆ సరుకు చేసే అందరికీ కావాలనీ, ఒక్కరికే రాసివ్వరనీ చెప్పింది. రంగు మాటేమిటని అడిగితే, సగం సబ్బులు ఆకుపచ్చవే కదా అని నవ్వింది. మాటైనా, బొమ్మైనా, చూడగానే ఇది ఫలానావాళ్ల సరుకని తెలిసేదే గుర్తట.

"ఇంతకూ దుకాణంల మీ సబ్బును ఏమని అడుగుతరు?"

రాంచందర్‌కు తెలియదు. పదకొండేళ్లుగా డబ్బాలు దించి వచ్చేయడమే తప్ప, నిలబడి విన్నది లేదు. తనను ఎవరూ గమనించరని అతని నమ్మకం. అందులో కొంత బాధ ఉంది, అంతకన్నా ఎక్కువ సుఖం ఉంది.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు ఎదుట, లక్ష్మీనరసమ్మ కిరాణా దుకాణంలో ఒక మూల బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. షిఫ్టు వదిలారు. బిహార్ నుంచి వచ్చిన కార్మికుడొకడు 'చుప్‌వాలా' కావాలన్నాడు. ఆమె వెనక అరలోంచి రాంచందర్ డబ్బా తీసిచ్చింది. తరువాత వచ్చిన ఇద్దరూ అదే మాట అడిగారు. ఆ చుప్‌వాలా ఎవరని రాంచందర్ మెల్లగా అడిగాడు.

"నువ్వే తమ్మీ. డబ్బాలు దించుతవ్, నవ్వుతవ్, పోతవ్. నోట్లకెళ్లి మాట రాదు. ఇగ నిన్ను ఏమని పిలుస్తరు?"

అతని చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లూ లోపల దాచుకున్నాననుకున్న బిడియం వీధిలో తీగ మీద ఆరేసి ఉంది. అయితే ఆ మాటలో ఎగతాళి లేదు. ఇసుక డబ్బాను పక్కకు నెట్టి, తన మౌనాన్ని బట్టే వాళ్లు అసలు సబ్బును గుర్తుపడుతున్నారు. తను కనిపిస్తూనే ఉన్నాడన్నమాట.

సాయంత్రం నిషితకు ఆ పేరు చెప్పాడు. సబ్బు గురించి ఏమీ చెప్పదు కాబట్టే అది గట్టి పేరని ఆమె సంబరపడింది. రిజిస్టరులో వెతికితే సబ్బుల్లో ఆ పేరు ఎవరూ తీసుకోలేదు.

"మీకు తిట్టు లెక్క అనిపిస్తే వద్దండీ. వేరేది ఆలోచిద్దాం."

అతను డబ్బాను ఆమె ముందుకు జరిపాడు. "తిట్టు కాదు మేడమ్. అది నేనే. రాయండి."

దరఖాస్తు అందినట్టు రసీదు వచ్చిన రోజు కొత్త చీటీలున్న డబ్బాలు దించుతూ, లక్ష్మీనరసమ్మకు అంతా చెప్పుకొచ్చాడు. ఏ మాట చెల్లుతుందో, ఏది చెల్లదో, దరఖాస్తును ఇంకా పరిశీలిస్తారనీ, ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చనీ, ఊపిరాడకుండా చెప్పాడు. ఆమె రెండు చేతులూ ఎత్తింది.

"జెర ఆగు తమ్మీ. గిట్ల మాట్లాడుకుంట తిరిగితే నీ సబ్బును ఎవలు గుర్తువడ్తరు?"

రాంచందర్ నోరు మూసుకున్నాడు. నవ్వాడు. తరువాతి దుకాణానికి బండి తీశాడు.