లక్ష్మీనరసమ్మగారి గేటు

తాళంచెవుల గుత్తి నడుముకి దోపుకుని కూర్మమ్మ పెద్ద గేటు కమ్ములు పాతగుడ్డతో తుడుస్తోంది. ముప్పై నాలుగేళ్ళుగా, ప్రార్థన గంట మోగేలోపు ఆ పని అయిపోవాల్సిందే. ఎండిన చెరుకుగడలాంటి మనిషి. ఎడమ భుజం కాస్త వాలి ఉంటుంది, మెడ మాత్రం వంగదు. రేపటినుంచి గేటు దగ్గరికి సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు వస్తారు. ఇవాళ్టితో ఆమె కొలువు సరి.

నరసన్నపేట దాటాక ఉన్న ఆ ఆడపిల్లల హాస్టలు బడిని డెబ్భై ఏళ్ళ కిందట లక్ష్మీనరసమ్మగారు ఓ పెంకుటింట్లో పదకొండుమందితో మొదలుపెట్టారు. కోతలకనీ పెళ్ళికనీ ఇంటివాళ్ళు వచ్చి పిల్లల్ని లాక్కుపోతుంటే చూడలేక ఒక కట్టుబాటు పెట్టారు. సెలవులు కాని రోజున ఏ పిల్లయినా గేటు దాటాలంటే, తన పేరు తనే పుస్తకంలో రాయాలి. ఎవరూ బలవంతాన రాయించకూడదు. ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ శ్రీలలితగారు కూడా ఆ మాట జవదాటరు. ఆ పుస్తకం కూర్మమ్మ చేతిలోనే ఉంటుంది.

పదిగంటలకి గంగులు వచ్చాడు. కూర్మమ్మ ఊరివాడే, వరసకి కొడుకు. అతని కూతురు నీలవేణి ఇక్కడే పదో తరగతి.

"పిన్నీ, పిల్లని తీసుకెల్పోతాను. దానమ్మ నూతికాడ జారిపడి కాలిరగ్గొట్టుకుంది. ఇంటికాడ వండీవోళ్ళు లేరు."

"పరీచ్చలు నెల్లాళ్ళే ఉన్నాయిరా."

"వచ్చే ఏడు రాసుకుంటాది. గేటు కాసీదానివి, నీకేటి?"

"అవున్రా, గేటే కాస్తన్నాను," అంది కూర్మమ్మ నిదానంగా. "పిల్లని పిలుస్తాను. అది రాస్తే తీసుకెల్లు."

నీలవేణి వచ్చింది. తల్లి సంగతి విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెన్ను తీసుకుంది. కూర్మమ్మ అటు తిరిగి నిలబడింది. ఆ సమయంలో పిల్ల ముఖంలోకి చూడటం కూడా బలవంతమేనని ఆమె నమ్మకం. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తరవాత పెన్ను మూత పెట్టిన టక్కుమనే శబ్దం.

"నాన్నా, పరీక్షలు రాసే వస్తాను. అమ్మకి సెప్పు."

గంగులు కేకలేస్తాడనుకుంది కూర్మమ్మ. అతను గోడ పక్కన కూలబడి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మరి నేనేటి సెయ్యాలి పిన్నీ? పొలమే సూసుకోనా, దాన్నే లేవదీసి కూకోబెట్టనా?"

కూర్మమ్మ అతన్ని భోజనశాలకి తీసుకెళ్ళి అన్నం పెట్టించింది. రెండోసారి చారు పోయిస్తూ అంది: "సాయంత్రందాకా ఉండు. రేపట్నించి నాకు పని లేదు. నీ పెళ్ళాన్ని నేను సూస్తాను. పరీచ్చలయ్యీదాకా."

గంగులు కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

సాయంత్రం శ్రీలలితగారు పిల్లలందరినీ గేటుదాకా బారులు తీరుస్తామన్నారు. బడి వదిలి వెళ్ళేవాళ్ళని అలా సాగనంపడం అక్కడి ఆనవాయితీ.

"సదువుకునీ వేళమ్మా. పిల్లల్ని లేపొద్దు," అని కూర్మమ్మ తాళంచెవులు ఆవిడ చేతిలో పెట్టేసింది.

ఇన్నేళ్ళలో ఒక్క పిల్లని కూడా ఎవరూ తన గేటులోంచి ఈడ్చుకుపోలేకపోయారు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. గంగులుకంటే ముందుగా, బస్సు రోడ్డువైపు అడుగులు సాగదీసి నడిచింది. హాల్లో రెండువందల మంది పైకి చదువుతున్న రొద రోడ్డుదాకా వినిపిస్తోంది.

గేటు గదిలో మేకుకి, బడివాళ్ళిచ్చిన కూర్మమ్మ నీలం కోటు, ఇస్త్రీ మడత చెదరకుండా వేలాడుతోంది. దాని జేబు మీద బడి పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ, చింతపండుతో తోమి పెట్టినట్టు మెరుస్తోంది.