మూడు నీడల కృపావతి

మదనపల్లెలో మునిరాజ టమాటా మండీకి పనికి పోయే ఆడవాళ్లు పొద్దున లేస్తే నీళ్లు తాగరు. కాఫీ కూడా గొంతు తడిసేంతే. మండీలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. మగవాళ్లకూ లేదుగానీ వాళ్లకు గోడ ఉంది. ఆఫీసు వెనక బాత్రూము ఒకటుంది. తిమ్మక్కలాంటి రైతు ఇళ్ల ఆడవాళ్లు బతిమాలితే మునిరాజ తాళంచెవి ఇస్తాడు. దళితవాడ నుంచి వచ్చిన కృపావతి అడిగితే మాత్రం ఆ తాళంచెవి పోతుంది. ఆమె అటు తిరగ్గానే మళ్లీ దొరుకుతుంది.

కృపావతిది కాయలు ఏరే పని. పండింది ఒక క్రేటులోకి, దోరది ఇంకోదాంట్లోకి, పగిలింది బుట్టలోకి. ఈ మధ్య ఆమెకు నడుములో ఒకటే పోట్లు. డాక్టరమ్మ గ్లోరియా పరీక్షలు చేయించి, "నీళ్లు బాగా తాగకుంటే కిడ్నీలు చెడిపోతాయి కృపమ్మా" అంది.

"తాగేదానికేమి డాక్టరమ్మా, తాగినాక యాడికి పోవాల?"

డాక్టరమ్మ దానికి మందు రాయలేకపోయింది.

కృపావతికి మూడు నీడలు. వాళ్లమ్మకూ మూడే ఉండేవి. ఒకటి కూలిది, ఒకటి ఆడదానిది, ఒకటి వాడది. తిమ్మక్కకు రెండు. మునిరాజకు ఒక్కటే, పొట్టతో కలిపి. ఊళ్లో ఎవరి నీడలు వాళ్లవి, అడిగేవాళ్లు లేరు. చిక్కంతా సంఘాలతోనే వచ్చింది.

మరుగుదొడ్డి సంగతి తేల్చుకుందామని కృపావతి ముందు మదనపల్లెలోనే కూలీల సంఘానికి పోయింది. నాయకుడు వెంకటేశులు గుమ్మంలోనే ఆపాడు.

"ఈడ మనమంతా కూలోళ్లమమ్మా. కూలి నీడ ఒకటి సాలు. కడమవి చెప్పుల కాడ ఇడిసిపెట్టి రా."

ఆమె అలాగే చేసింది. అంతా విని ఆయన, "అది ఆడోళ్ల సమస్య కదమ్మా, ముందు కూలి రేటు తేలనీ" అన్నాడు.

పుంగనూరులో మహిళా సంఘానికి పోయింది. అక్కడ అధ్యక్షురాలు యశోదమ్మ, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఈసారి కూలి నీడా, వాడ నీడా బయట ఆగాయి. మరుగుదొడ్డి అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. తాళంచెవి కొందరికి దొరికి కొందరికి పోతుందని చెప్పగానే చప్పట్లు ఆగాయి.

"అవన్నీ ఎత్తితే మనలో మనకు చీలికలొస్తాయి తల్లీ" అంది యశోదమ్మ మెల్లగా.

బయటికొస్తే రెండు నీడల మీదా ఒక పుంగనూరు ఆవు పడుకొని నెమరేస్తోంది. మనిషి నడుము దాటని ఆవేగానీ పట్టు మాత్రం ఏనుగుది. అది లేచేలోపు బస్సు పోయింది.

ఇక మిగిలింది కుప్పంలో కులసంఘం. నాయకుడు గోవిందస్వామి ఆమెను అక్కా అని పిలిచి, కుర్చీ వేయించి, వాడ నీడను కళ్లకద్దుకున్నంత పని చేశాడు. కడమ రెండూ ఇక్కడా గుమ్మం బయటే ఆగాయి.

"ముందు మన కులం లేవాలక్కా. ఆడోళ్ల సంగతి తరవాత సూద్దాం."

కులం లేచేదాకా ఆమె ఆపుకోవాలన్నమాట.

ఆవేళ గుమ్మం దగ్గర రద్దీలో, చెప్పులు మారినట్టే నీడ మారిపోయింది. బస్సు దిగి చూసుకుంటే తన ఆడనీడ లేదు. దాని బదులు ఎవరిదో మీసాల నీడ వెంటబడి వస్తోంది. దారిలో కనబడిన ప్రతి గోడ దగ్గరా అది ఆగింది. మూడో గోడ దగ్గర కృపావతి రోడ్డు మీదే కూర్చొని ఏడ్చేసింది. నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది, అన్నిటికంటే ఎక్కువ అవమానం అనిపించింది.

మర్నాడే కుప్పం పోయి తన నీడను తెచ్చుకొని, మండీలో ఆడవాళ్లందరినీ పిలిచింది.

"ఇంక యాడికి పోయినా మూడింటితోనే పోతాను. ఒకాయన నాలో కూలిదాన్ని సూస్తాడు, ఒకామె ఆడదాన్ని సూస్తాది, ఇంకొకాయన వాడను సూస్తాడు. నన్ను ఎవురూ సూడరు. మన నొప్పి మనమే సెప్పుకోవాల."

తిమ్మక్క కొంగు చివర తిప్పుకుంటూ, "నాకు రెండే ఉండాయి కదక్కా, నేను రావచ్చునా?" అంది.

"ఉండేటివన్నీ తీసుకోని రా" అంది కృపావతి.

మర్నాడు వేలం మొదలయ్యే వేళకు ఆడవాళ్లంతా మండీ ముందు ఎండకు అడ్డంగా కూర్చున్నారు. నీడ మీద నీడ పడింది, దాని మీద ఇంకో నీడ పడింది. మండీలో చీకటి కమ్మింది. కాయకు రంగే ధర. ఆ రంగే కనబడకపోతే వేలం ఎలా సాగుతుంది? సాయికుమార్ అనే వ్యాపారి పండ్లనుకొని పచ్చికాయలు పాడుకొని తల పట్టుకున్నాడు. సెల్‌ఫోన్ లైట్లు వేసి చూస్తే పండూ కాయా అన్నీ తెల్లబోయాయి. బయట లారీలు హారన్లు కొడుతున్నాయి.

మునిరాజ పరుగెత్తుకొచ్చాడు. "యాల ఇట్ల చీకటి చేస్తాండారమ్మా? సగం నీడలు తీసేసి కూసోండి."

"తీసేది సాలాసార్లు అయిందిలేప్పా. ఈసారి తీయము" అంది కృపావతి.

ఆయన జేబు తడుముకున్నాడు. ఎన్నడూ దొరకని తాళంచెవి టక్కున దొరికింది. దాన్ని కృపావతి చేతిలో పెట్టబోయాడు. నడుము పోటుకు ఆమె చెయ్యి ముందుకు పోయిన మాట నిజం. అయినా వెనక్కి తీసుకుంది.

"నా ఒక్కదానికైతే వద్దు."

తిమ్మక్క గట్టిగా తల ఊపింది. ఎండ ముదురుతోంది, క్రేట్లలో కాయలు మెత్తబడుతున్నాయి. మధ్యాహ్నానికల్లా మునిరాజ పిలిపించిన మేస్త్రీ పెద్దపంజాణి నుంచి దిగాడు.

కొన్నాళ్లకు మండీలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేచింది. లోపల గడియ ఉంది, బయట తాళం లేదు. ప్రారంభం రోజు ముగ్గురు నాయకులూ వచ్చి, ఇది మా విజయమంటే మా విజయమని ఫొటోలు దిగారు. రెండు నీడలవాళ్లకు వేరే సంఘం కావాలని అప్పుడే ఒకామె గొణిగింది కూడా. తిమ్మక్క ఆమె నోట్లో ఒక లడ్డు కుక్కింది.

మర్నాడు పొద్దున పనిలోకి దిగేముందు కృపావతి మండీ కుళాయి దగ్గర నిలబడి, చెంబు పైకెత్తి గటగటా తాగింది. మూడు నీడలూ తలలు వెనక్కి వాల్చి ఆమెతోపాటే తాగాయి. దాహం ఇంకా తీరలేదు. ఇంకో చెంబు పట్టుకుంది.