నడిగది గడప దగ్గర తడి

జోజి ఆ కుక్కపిల్లను అట్టపెట్టెలో పెట్టుకొని మాచర్ల బస్సు దిగిన రోజు రెంటచింతలలో ఎండ మండిపోతోంది. అతను పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీలో ఒక ఇంజనీరుకు బదిలీ అయింది. ఆయన వెళ్తూ వెళ్తూ మూడు నెలల పిల్లను జోజి చేతిలో పెట్టి పోయాడు.

"ఇంట్లో పెరిగే జాతంట. ఎండకు ఆగదంట" అన్నాడు జోజి పెట్టె దించుతూ.

"మరి ఉచ్చ యాడ పోసుద్దంట?" అంది అతని భార్య ఝాన్సీ.

జోజి నవ్వాడు. అదంతా నేర్పాల్సింది తనేనని ఝాన్సీకి అప్పుడే అర్థమైపోయింది.

మామగారు శౌరయ్య మాత్రం పిల్లను చూసి సంబరపడ్డాడు. జిమ్మీ అని పేరు కూడా ఆయనే పెట్టాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. బండలు పరిచే మేస్త్రీగా ఊళ్లో సగం ఇళ్ల నేలలు ఆయన చేతి మీదే తయారయ్యాయి. ఈ ఇంటి నేల కూడా ఆయన పరిచిందే. ఎవరైనా చెప్పులతో లోపలికి వస్తే ఇప్పటికీ ఊరుకోడు.

ఝాన్సీ ఫోనులో వీడియోలు చూసింది. తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే బయటికి తీసుకుపోవాలి. పని కానిచ్చాక మెచ్చుకోవాలి. కొట్టకూడదు. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక కుప్ప ఒకటి పెరట్లో ఉంది, దాన్నే జిమ్మీకి చోటుగా నిర్ణయించింది. వరండాలో జాకెట్టు కుడుతూ కుడుతూ, పిల్ల నేల వాసన చూడటం కనపడగానే మిషను వదిలేసి లేచేది, దాన్ని ఎత్తుకొని పెరట్లోకి పరిగెత్తేది. మొదటి వారం ఇల్లంతా తుడవడమే సరిపోయింది. మూడో వారానికి జిమ్మీ తనంతట తాను పెరటి తలుపు దగ్గరికి పోయి గీరడం నేర్చుకుంది. ఆ రోజు ఝాన్సీ దాన్ని ఒళ్లో వేసుకొని ముద్దు చేసింది.

అయినా మధ్యాహ్నం మూడింటి వేళ నడిగది గడప దగ్గర తడి కనపడేది. రోజూ కాదు, రెండ్రోజులకోసారి. బండల సందుల్లోకి ఇంకి, ఎంత కడిగినా వాసన పోయేది కాదు.

"అన్నీ వచ్చినియ్యి, ఇదొక్కటే ఏందో అర్థం కాట్లా" అని ఆమె మామగారితో మొత్తుకుంది.

శౌరయ్య నులక మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. "పసిది గదమ్మాయ్. దానికేం తెలుసుద్ది" అన్నాడు.

నాలుగో వారంలో ఝాన్సీకి ఓపిక నశించింది. చుట్టిన పేపరుతో జిమ్మీ మూతి మీద కొట్టింది. మెడ పట్టుకొని తడి దగ్గరికి ఈడ్చింది. ఆ పిల్ల ఏమీ అర్థంకాని కళ్లతో ఆమెను చూసి, భయంతో అక్కడికక్కడే నిజంగా పోసేసింది. ఆ తర్వాత నుంచి ఆమె అడుగు చప్పుడు వింటే చాలు, మంచం కిందికి దూరేది.

చివరికి జోజే విసుక్కున్నాడు. "నీ వల్ల గాదు గానీ, కారంపూడిలో నాకు తెలిసిన ముర్తుజా మేకలు మేపుతున్నాడు. ఆదివారం వచ్చి తీసకపొమ్మంటా."

"తీసకపోనీ" అంది ఝాన్సీ. ఆ మాట కోపంలోనే అన్నది, కానీ అన్నది.

శనివారం మధ్యాహ్నం జిమ్మీని పెరట్లో స్నానాల గది గోడ నీడన, తడి గోతం మీద కట్టేసింది. ఈ ఒక్క పూటన్నా నేల పొడిగా ఉండాలనుకుంది. మూడింటికి టీ పెడదామని లోపలికి వచ్చేసరికి శౌరయ్య గడప దగ్గర నిలబడి, పాత బనీను నేల మీద పడేసి కాలితో తుడుస్తున్నాడు. లుంగీ అంచు తడిసి కాళ్లకు అంటుకుపోయింది.

ఆమెను చూసి ఆయన కాలు ఆపాడు.

"కుక్క మళ్లీ పోసిందమ్మాయ్" అన్నాడు.

తెరిచిన తలుపులోంచి జిమ్మీ కనపడుతూనే ఉంది. మెడలో తాడుతో ఇటే చూస్తూ కుయ్‌మంటోంది. శౌరయ్య కూడా అటు చూశాడు.

ఝాన్సీ వంగి బనీను అందుకుంది. "మీరు పొయ్యి లుంగీ మార్చుకోండి మామయ్యా. నేను తుడుస్తాలే" అంది. తుడుస్తుంటే ఆ పేపరు దెబ్బలన్నీ కళ్ల ముందు ఆడాయి.

ఆదివారం చర్చిలో పూజ ముగించుకొని వాళ్లు ఇంటికి వచ్చేసరికి ముర్తుజా బండి గుమ్మం ముందు ఉంది.

"ఇయ్యొద్దయ్యా" అంది ఝాన్సీ భర్తను పక్కకు పిలిచి.

"ఏమే, నువ్వే గదా తీసకపోనియ్యమంది? ఆ మనిషిని అంత దూరం రప్పిచ్చి ఇప్పుడొద్దంటే ఎట్టా? ఏమైంది?"

ఏమైందో చెప్పడానికి నోరు తెరిచింది. వరండాలో కుర్చీలో శౌరయ్య తల వంచుకొని కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మధ్య బిగించి పెట్టుకున్నాడు. ఆయన ఒక్క మాట అంటే బాగుండునని ఝాన్సీ చూసింది. ఆయన అనలేదు. తనే పోయి జిమ్మీని ఎత్తుకొచ్చింది.

ముర్తుజా జిమ్మీని చొక్కాలో దోపుకొని వెళ్లిపోయాడు. వారం తర్వాత ఫోను చేశాడు. "చానా బుద్ధిగా ఉందక్కా. పొరపాటున గూడా లోపల పొయ్యట్లా. ఎట్టా నేర్పారు?" ఝాన్సీ ఏదో పని ఉందని ఫోను పెట్టేసింది.

ఇంట్లో నేల ఆ వారమంతా పొడిగానే ఉంది. మొదట ఆమెకు ఊరట అనిపించింది. తర్వాత ఒక సాయంత్రం, మామగారి మంచం పక్కన పొద్దున పెట్టిన చెంబు నిండుగా అలాగే ఉండటం గమనించింది. మర్నాడు కూడా అంతే. ఆయన పెదాలు పగిలాయి. కళ్లు లోపలికి పోయాయి. మంచం దిగబోతూ తూలి గోడ పట్టుకున్నాడు.

"మామయ్యా, ఈ ఎండల్లో నీళ్లు తాగకపోతే చచ్చిపోతారు" అంది ఝాన్సీ, చెంబు చేతికిస్తూ.

"దాహం లేదు."

"గురజాల పోదాం. డాక్టరుకు చూపిద్దాం. ఇదేమన్నా దాచుకునే రోగమా?"

"వొద్దు. జోజికి తెలిస్తే నేను ఈ ఇంట్లో తల ఎత్తుకోలేను." శౌరయ్య చెంబు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "అది పోయింది గదమ్మాయ్. ఇంకెవురి మీద ఏసేది?"

ఝాన్సీకి ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు. ఆయన మంచం దగ్గర నేల మీద కూర్చుండిపోయింది.

"నా మీద ఏయండి" అంది. "నీళ్లు ఒలకబోశానంటా. తాగండి."

ఆయన ఆమె ముఖం చూశాడు. చెంబెత్తి, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ, అంతా తాగాడు. నీళ్లు గడ్డం మీదుగా ఛాతీ మీదికి కారాయి.

ఆ రోజు జోజి డ్యూటీ దిగి వచ్చేసరికి గడప దగ్గర ఆమె బట్ట పిండుతోంది.

"ఇంకా ఏందే ఈ తడి?" అన్నాడు.

"బిందె ఒలికింది."

జోజి ముక్కు ఎగబీల్చాడు. నడిగదిలో మంచం వైపు చూశాడు. శౌరయ్య గోడ వైపు తిరిగి కళ్లు మూసుకొని పడుకున్నాడు. జోజి చెప్పులు విడవడానికి వరండాలోకి వెళ్లాడు. అతనికి ఎంత తెలిసిందో ఝాన్సీకి తెలియలేదు, అడిగే ధైర్యమూ లేదు. మామగారితో డాక్టరు మాట రేపు మళ్లీ ఎత్తాలి. ఆయన మళ్లీ వద్దంటాడు. ఆమె బట్టను బకెట్టులో ముంచి మళ్లీ పిండింది.