కొనితెచ్చిన చేపలు

పన్నెండో మావు కూడా ఎత్తి చూసింది వీరవేణి. చేపలు పట్టే ఆ వెదురు బుట్టలో రెండు మార్పు చేపలు, ఒక గొరక. పైకొచ్చి గాలి మింగి బతికే మొండి చేపలు, ఎలాంటి నీళ్ళలోనైనా ఉంటాయి. నడుం లోతు నీళ్ళు కాళ్ళకు జిగటగా తగులుతూ కోడిపెంట కంపు కొడుతున్నాయి. జోగేశ్వరరావు గారు తన చేపల చెరువుల మురుగు కొల్లేట్లోకి వదిలి నాలుగు రోజులైంది.

ఆమె కాపరానికి వచ్చిన కొత్తల్లో ఇక్కడే వాలుగలు, జెల్లలు, ఇసుకదొందులు పడేవి. చేదుపరిగె చేప తిరిగే నీళ్ళయితే లంక ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని బిందె ముంచుకునేవారు. ఇప్పుడు తాగే నీళ్ళు పడవ మీద వస్తున్నాయి, బిందె రూపాయి. మార్పులను కిలో పన్నెండుకి అడుగుతున్నారు, అదీ వాసన చూశాకే. మొగుడూ పెళ్ళాం పొద్దస్తమానం నానితే పాతిక రూపాయలు కళ్ళబడడం గగనం.

ఒడ్డున అబ్బులు చెయ్యూపి పెళ్ళాన్ని పిలిచాడు. జీపు వచ్చేసింది.

మురుగు మీద ఎవరో పైకి అర్జీ పెట్టారు. నీళ్ళు ఎలా ఉన్నాయో తేల్చడానికి ఇక్కడ ఎన్ని రకాల చేపలు పడుతున్నాయో ఆఫీసరు వచ్చి రాసుకుపోతారట. రకాలు ఎక్కువుంటే నీళ్ళు మంచివి, మురుగు కాలువ ఉండిపోతుంది. కాలువ నిలబెడితే రామాలయానికి స్లాబు వేయిస్తానన్నారు జోగేశ్వరరావు గారు. నీళ్ళు పోతే పోయాయి, దేవుడికి నీడ దొరికిందని ఊరి పెద్దలు మురిసిపోయారు. తెల్లారేసరికి మంచినీళ్ళ కాలువ లాకుల దగ్గర నాలుగు బుట్టల చేపలు కొని, ఐసు వేసి తెప్పించారు. అన్ని చేపల పేర్లూ తెలిసింది వీరవేణికే గనుక చెప్పే పని ఆమెకు పడింది. అది పెద్దల మాట. కాదంటే వెలి. ఏటా చీట్లు తీసి పంచే మావుల చోట్లలో వాటా ఉండదు, ఊళ్ళో నిప్పు కూడా పుట్టదు. అబ్బులు రాత్రంతా ఆమెను బతిమాలుతూనే ఉన్నాడు.

వచ్చిన ఆఫీసరు హేమశ్రీ చిన్నపిల్ల. చెప్పులు బురదలో దిగబడుతున్నా విసుక్కోకుండా బుట్టల ముందు కూర్చుని పేర్లు అడిగింది. వీరవేణి ఒక్కో చేపా ఎత్తి చెప్పసాగింది. ఆరో రకం చేదుపరిగె. అది చేతికి తగిలి ఆరేళ్ళయింది. దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

హేమశ్రీ నవ్వింది. "ఇన్ని రకాలున్నాయంటే నీళ్ళు బాగానే ఉన్నట్టు కదమ్మా."

వీరవేణి చేప కింద పెట్టేసింది.

"ఇవి లాకుల కాడ కొనుక్కొచ్చినయ్యండి మేడంగారు. మా నీళ్ళల్లోయి కాదండి. ఇంకో పేరు నేను చెప్పను."

ఊరి పెద్ద చంద్రరావు, వీరవేణికి ఎండదెబ్బ తగిలిందని చెప్పి నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు మాత్రం తమ బుట్టలు లాక్కుని దూరం జరిగారు. నిన్నటిదాకా ఒకే చుట్ట నిప్పు పంచుకున్నవాళ్ళు. ఆమెను అదే ఎక్కువ నొప్పించింది.

చంద్రరావు కోపగించుకోలేదు. ధాన్యం ధర చెప్పినంత మామూలుగా అన్నాడు. "అబ్బులూ, ఎల్లుండి చీట్లలో నీ పేరుండదు."

అబ్బులు కాళ్ళ మీద పడతాడనే అందరూ అనుకున్నారు. వీరవేణి కూడా అనుకుంది. ముగ్గురు పిల్లలు, గుంట నేల లేదు, చేపలు తప్ప వేరే పని రాదు. పడినా తప్పు పట్టే హక్కు తనకు లేదనుకుని తల వంచుకుంది.

అతను పెద్దల వైపు వెళ్ళలేదు. నీళ్ళలోకి దిగి దోనె తాడు విప్పాడు.

"వచ్చి చూసుకోండి మేడంగారండి. మా మావులు పన్నెండున్నాయి. ఎల్లుండి నించీ మావి కాదు."

దోనె కదలకుండా అంచు రెండు చేతులా బిగించి పట్టుకుని నిలబడ్డాడు. చంద్రరావు జీపు డ్రైవరుతో ఏదో అన్నాడు. డ్రైవరు హారను కొట్టాడు. హేమశ్రీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని జీపు వైపు చూసింది, నీళ్ళ వైపు చూసింది. ఆమె కాగితం మీద ఆరు పేర్లున్నాయి. అబ్బులు దోనె వదల్లేదు.